శాలువా కప్పిన మర్నాడు: సంఘం కొత్త అధ్యక్షుడు మొదట తెరవాల్సిన పుస్తకం

ఆదివారం సాయంత్రం మా ఇంజనీర్ల సంఘం ఎన్నిక అయింది, నేను అధ్యక్షుణ్ణయ్యాను. తిరుపతిలో ఏ సభ ముగిసినా ఉండేవే మాకూ జరిగాయి: శాలువా, పూలదండ, స్వామి పటం పట్టుకుని ఫొటో. సోమవారం పొద్దుగుంకాక బైరాగిపట్టెడలో పాత కోశాధికారి గారింటికి వెళ్లాను. ఆయన మంచం కింద నుంచి ఒక రేకు పెట్టె లాగి, తువ్వాలుతో దుమ్ము తుడిచి నా ముందు పెట్టారు.

"ఇదిగో సామీ, మీ సొత్తు మీకు అప్పజెప్పినా. లెక్కలన్నీ ఆ నోటుబుక్కులో ఉండాయి."

పెట్టెలో ఏమున్నాయంటే: చివరి రెండు పేజీల్లో సంతకాలు లేని మినిట్స్ పుస్తకం, మూడే ఆకులు మిగిలిన చెక్కు పుస్తకం, లామినేషన్ చేయించిన రిజిస్ట్రేషన్ పత్రం, రబ్బరు బ్యాండు కట్టిన రసీదు పుస్తకాలు, ఇంకా 'చిత్తూరు జిల్లా' అనే ఉన్న రబ్బరు స్టాంపు, ఏ తాళానివో ఎవరికీ గుర్తులేని రెండు తాళంచెవులు. అన్నిటికంటే అడుగున, అట్ట ఊడిపోయిన పొడవాటి పుస్తకం. అది సభ్యుల పట్టీ. దాన్ని తీయబోతుంటే ఆయన అన్నారు, "అది పెద్దగా అక్కర్లేదులే సామీ, అందరూ వాట్సాప్‌లో ఉండారు గదా."

ఆయన మంచివారు. పన్నెండేళ్లు పైసా తేడా రాకుండా సంఘం డబ్బు కాపాడారు. ఆ ఒక్క మాటలో మాత్రం పొరపడ్డారు. నా పదవీకాలంలో మొదటి మూడు నెలలు ఆ అట్ట లేని పుస్తకం మీదే గడిచాయి. ఇంజనీర్లు కానీ డాక్టర్లు కానీ ఆడిటర్లు కానీ వకీళ్లు కానీ, ఏ వృత్తి సంఘానికి కొత్తగా పెద్ద అయినవాళ్లయినా ముందు ఆ పుస్తకమే తెరవాలని నాకు గట్టి నమ్మకం. కోరం (సమావేశం చెల్లాలంటే రావాల్సిన కనీస సభ్యుల సంఖ్య), ఓటు, డబ్బు, పన్ను, కోర్టు, అన్నీ తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి. ఎలా వస్తాయో విడమరిచి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఒక తేడా తెలియాలి. వృత్తికి సంబంధించిన సంస్థలు రెండు రకాలు. ఒకటి, చట్టం పుట్టించినవి. 1961 అడ్వొకేట్స్ చట్టం కింద వచ్చిన బార్ కౌన్సిళ్లు, 1949 చట్టంతో ఏర్పడిన చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్, 2020 నుంచి పనిచేస్తున్న నేషనల్ మెడికల్ కమిషన్ ఈ కోవలోవి. అవి ఒకరి వృత్తి హక్కును ఇవ్వగలవు, తీసేయగలవు. రెండోది, మనంతట మనం కూడి పెట్టుకున్నవి. ఊళ్లో బార్ అసోసియేషన్, 1928లో మొదలైన ఇండియన్ మెడికల్ అసోసియేషన్, మన జిల్లా ఇంజనీర్ల సంఘాలు ఇలాంటివి. వీటికి ఎవరి లైసెన్సు మీదా అధికారం లేదు. జనం రెండింటినీ కలిపేస్తారు. నేను గెలిచిన వారానికే ఒక ఇంటాయన ఫోన్ చేసి, ఫలానా ఇంజనీరు గోడ బీటలు వారేట్టు కట్టాడు, ఆయన లైసెన్సు రద్దు చేయండి అన్నాడు. ఆ పని మా చేతిలో లేదని చెబితే నమ్మలేదు. స్వచ్ఛంద సంఘానికున్న బలమంతా సభ్యులే. అందుకే ఎవరు సభ్యులు, ఎవరు కారు అన్నది వీటికి ప్రాణం లాంటి విషయం.

ఇక అధ్యక్షుడి అధికారం సంగతి. మన రాష్ట్రంలో ఇలాంటి సంఘాలు ఎక్కువగా 2001 ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఉంటాయి. అంతకుముందు ఆంధ్ర ప్రాంతంలో 1860 నాటి చట్టం నడిచింది, కాబట్టి పాత సంఘాల పత్రాల మీద ఆ చట్టం పేరే కనబడుతుంది. కనీసం ఏడుగురు కూడితే సొసైటీ పెట్టుకోవచ్చు. చట్టం కింద సంఘం నిబంధనావళి, అంటే బైలా. దాని కింద సర్వసభ్య సమావేశం తీర్మానాలు. ఆ కింద కార్యవర్గం తీర్మానాలు. అన్నిటికంటే కింద, ఎక్కడా రాసి లేకుండా, 'మొదట్నుంచీ ఇట్టనే చేస్తా ఉండాం' అనే వాడుక. కొత్తగా వచ్చినవాళ్లకు మొదట వినబడేది ఈ వాడుకే. ఎవరో ఒకరు 'అట్ట చేయకూడదు సార్' అంటారు. బైలాలో ఉందా, తీర్మానంలో ఉందా, వాడుకా అని ఆప్యాయంగానే అడిగి తెలుసుకోవాలి. మా దగ్గర అధ్యక్షుడే చెక్కుల మీద సంతకం పెట్టాలన్నది వాడుక. బైలాలో ఉన్నది కార్యదర్శి, కోశాధికారి. నేను బైలా ప్రకారమే పోదామన్నాను. సంతకం పోతే మర్యాద పోయినట్టు కాదు, పైగా లెక్క అడిగే చోటు నాకు మిగిలింది.

అసలు బైలాలు చదివితే అధ్యక్షుడికి ఇచ్చిన పని చాలా తక్కువ అని తెలుస్తుంది. సమావేశానికి అధ్యక్షత వహించాలి, ఓట్లు సమానమైతే నిర్ణాయక ఓటు వేయాలి, మిగతా పదవుల్లో ఉన్నవాళ్ల పని ఎలా సాగుతోందో చూసుకోవాలి. నోటీసులు, ఉత్తరప్రత్యుత్తరాలు కార్యదర్శివి. డబ్బు కోశాధికారిది. కాబట్టి అధ్యక్షుడు ఒంటరిగా ఇచ్చే మాటకు సంఘం కట్టుబడదు. పత్రికల వాళ్లు మైకు పెడితే, మంత్రిగారు వేదిక మీద 'మీ సంఘం ఈ పనికి ఒప్పుకుంటుందా' అని అడిగితే, కార్యవర్గంలో పెట్టి చెబుతామనడమే సరైన జవాబు. ఆ క్షణంలో అది పిరికి మాటలా వినబడుతుంది. తర్వాత నిలబడేది అదే.

పట్టీ దగ్గరకు వద్దాం. మా సర్వసభ్య సమావేశాల్లో కోరం నిండి ఏళ్లు గడిచాయి. పది గంటలకు సమావేశం, జనం చాలరు, అరగంట వాయిదా, ఆ తర్వాత ఉన్నవాళ్లతోనే నడిపించడం. ఇది చాలా బైలాల్లో ఉన్న వెసులుబాటే. అయితే బైలా మార్చడం, ఆస్తి కొనడం, అమ్మడం లాంటి పెద్ద పనులకు ఈ వెసులుబాటును చాలా చోట్ల ఒప్పుకోరు. అందుకే మా బైలా మార్పు ఏళ్ల తరబడి ఆగిపోయింది. సభ్యులకు శ్రద్ధ తగ్గిందని అందరం బాధపడ్డాం. అసలు సంగతి వేరు. ఒక లెక్క చూడండి. పట్టీలో 420 పేర్లున్నాయనుకుందాం. కోరం మూడో వంతు, అంటే 140 మంది రావాలి. ఆ 420లో 60 మంది కాలం చేశారు, 90 మంది చందా ఆపేసో ఊరు వదిలో వెళ్లిపోయారు. నిజంగా ఉన్నది 270. దానికి కోరం 90. ఏటా వచ్చే వంద మందితోనే సమావేశం సక్రమంగా జరిగిపోయేది. సభ్యుల శ్రద్ధ మామూలుగానే ఉంది, తప్పు పుస్తకంలో ఉంది.

మరి ఆ పేర్లు ఎలా తీయాలి? చనిపోయినవారి సభ్యత్వం తనంతట తనే ముగుస్తుంది, దానికి తీర్మానంతో పనిలేదు, మినిట్స్‌లో రాసుకుంటే చాలు. చందా కట్టనివాళ్ల విషయంలో బైలా మాటే వేదం. 1860 చట్టం 15వ సెక్షన్‌లో ఒక వాక్యం ఉంది: మూడు నెలలకు మించి చందా బాకీ పడినవారికి ఓటు లేదు, వారిని సభ్యులుగా లెక్కించకూడదు. మా పాత బైలాలో దాన్నే ఎత్తి రాసుకున్నారు. మీ బైలాలో ఏముందో చూసుకోండి. నోటీసు ఇచ్చాకే తీయాలని ఉంటే నోటీసు ఇచ్చే తీరాలి, అదీ పట్టీలో ఉన్న చిరునామాకే. చిరునామా పాతదే కావచ్చు, కవరు తిరిగి రావచ్చు. ఆ తిరిగొచ్చిన కవరును పారేయకండి, అది మీ సాక్ష్యం.

క్రమశిక్షణ పేరుతో సభ్యుణ్ణి తీసేయడం పూర్తిగా వేరే విషయం. ఇక్కడ సుప్రీంకోర్టు 1962లో ఇచ్చిన ఒక తీర్పు ఈనాటికీ దారి చూపుతుంది. బెళగావిలోని ఒక లాడ్జి, అంటే ఫ్రీమేసన్లనే సోదర సంఘం శాఖ, తన సభ్యుణ్ణి బహిష్కరించిన కేసు, టీపీ దావర్ కేసు అంటారు. సభ్యత్వం అంటే ఆ నిబంధనలకు ఒప్పుకుని చేసుకున్న ఒప్పందమని, బహిష్కరించాలంటే ఆ నిబంధనలను తు.చ. తప్పకుండా పాటించాలని, ఆరోపణ ఏమిటో చెప్పి జవాబుకు అవకాశం ఇవ్వాలని కోర్టు చెప్పింది. గెలిచిన మొదటి నెలలోనే కొందరు మీ దగ్గరకొచ్చి, 'ఆయన్ను తీసేయండన్నా, సంఘానికి పట్టిన చీడ' అంటారు. ఎన్నికల వేడి ఇంకా చల్లారి ఉండదు. నా సలహా: మొదటి ఆరు నెలలు ఎవరినీ తీయవద్దు. ఓడిన ప్యానెల్ వాళ్లను ఇంటికెళ్లి పలకరించండి. నేను వెళ్లినప్పుడు ఒకాయన తలుపు తీసి రెండు నిమిషాలు గుమ్మంలోనే నిలబెట్టారు. తర్వాత లోపలికి రమ్మన్నారు. మా పట్టీ దిద్దే పనిలో చివరికి ఎక్కువ పేర్లు పోల్చిచెప్పింది ఆయనే.

వాట్సాప్ గ్రూపు సభ్యుల పట్టీ ఎందుకు కాదో ఇప్పుడు తెలిసే ఉంటుంది. గ్రూపులో ఉండే ప్రతివాళ్లూ సభ్యులు కారు, సభ్యులందరూ గ్రూపులో ఉండరు. మా గ్రూపులో సిమెంటు కంపెనీ ప్రతినిధులున్నారు, ఇద్దరు కార్పొరేటర్లున్నారు, ఎవరో సభ్యుడి బావమరిది ఉన్నాడు. డెబ్బై దాటిన వ్యవస్థాపక సభ్యుల్లో సగం మంది లేరు. గ్రూపులో పెట్టిన కబురును సమావేశం నోటీసు అనుకుంటే, ఒక్క సభ్యుడు 'నాకు నోటీసు రాలేదు' అన్నా ఆ సమావేశం మొత్తం ప్రశ్నలో పడుతుంది. మరో సంగతి, అడ్మిన్ ఎవరో ముందే చూసుకోండి. సంఘం ఈమెయిల్ పాస్‌వర్డ్, బ్యాంకు ఖాతాకు ముడిపడ్డ ఫోన్ నంబరు ఎవరి దగ్గరున్నాయో కనుక్కోండి. మా ఖాతా ఓటీపీలు రెండు కార్యవర్గాల కిందటి కార్యదర్శి ఫోన్‌కు పోతున్నాయి, ఆయనేమో కొడుకు దగ్గర బెంగళూరులో ఉన్నారు. సంతకాలు మార్చడానికి బ్యాంకు అడిగేవి తీర్మానం నకలు, కొత్తవాళ్ల కేవైసీ పత్రాలు, పాన్. ఆ తీర్మానం మినిట్స్ పుస్తకంలో లేకపోతే, ఉన్నా సంతకాలు లేకపోతే, పని అక్కడే ఆగుతుంది. పెట్టెలో సంతకాలు లేని ఆ రెండు పేజీల విలువ నాకు బ్యాంకు కౌంటర్ దగ్గర తెలిసింది.

మన జిల్లాల్లో ఈ పట్టీకి ఇంకో చిక్కు తోడైంది. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా 2022 ఏప్రిల్ 4న విడిపోయింది. తిరుపతి వేరే జిల్లా అయింది, మదనపల్లె, పీలేరు ప్రాంతాలు అన్నమయ్య జిల్లాకు పోయాయి, నెల్లూరు వైపు నుంచి సూళ్లూరుపేట, వెంకటగిరి తిరుపతిలో కలిశాయి. ప్రభుత్వం గీత గీసింది కానీ సంఘాలు వాటంతట అవి విడిపోవు. 'చిత్తూరు జిల్లా ఫలానా సంఘం' అని నమోదైన సొసైటీ, బైలాలో తన పరిధిని చిత్తూరు జిల్లా అని రాసుకుని ఉంటే, ఆ మాటకు ఇప్పుడు అర్థమేమిటి? కుప్పం సభ్యుడు ఎవరివాడు, శ్రీకాళహస్తి సభ్యుడు ఎవరివాడు? జీవిత సభ్యత్వానికి వాళ్లు కట్టిన డబ్బు ఎవరిది? దీనికి సర్వసభ్య సమావేశం ఒక్కటే జవాబు చెప్పగలదు. పాత సంఘాన్నే కొనసాగించి, పరిధిని కొత్త జిల్లాల పేర్లతో సవరించుకోవచ్చు. లేదా తిరుపతిలో కొత్త సొసైటీ పెట్టుకుని, ఇష్టపడ్డ సభ్యుల డబ్బు తీర్మానం మీద బదిలీ చేసుకోవచ్చు. ఏది చేసినా ప్రతి సభ్యుణ్ణీ రాతపూర్వకంగా అడగాలి. రబ్బరు స్టాంపు మార్చి, బోర్డు మీద పేరు దిద్దేసి, అయిపోయిందనుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. కాగితం మీద చిత్తూరు, బోర్డు మీద తిరుపతి అయితే బ్యాంకులోనూ కోర్టులోనూ మీరు ఎవరో మీరే రుజువు చేసుకోవాల్సి వస్తుంది.

రెండు చోట్లా సభ్యులుగా ఉండి రెండు చోట్లా ఓటేసేవాళ్ల సంగతి మరొకటి. వకీళ్ల సంఘాల్లో ఇది బాగా తెలిసిన గొడవ. 2011లో సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ కేసులో, బీడీ కౌశిక్ కేసు అంటారు, ఒక వకీలు ఒకే బార్ సంఘంలో ఓటు వేయాలన్న నిబంధనను సుప్రీంకోర్టు నిలబెట్టింది. అప్పుడప్పుడూ వచ్చి ఓటేసి పోయేవాళ్లు, రోజూ అక్కడే పనిచేసేవాళ్ల సంఘాన్ని నడిపించకూడదన్నది అందులోని న్యాయం. ఇతర వృత్తుల వాళ్లకు అది నేరుగా వర్తించకపోయినా, బైలా సవరించేటప్పుడు ఎదురుగా పెట్టుకోవాల్సిన తీర్పు.

డబ్బు దగ్గర కాస్త ఆగుదాం, ఎక్కువ సంఘాలు లోలోపల గుల్లయ్యేది ఇక్కడే. జీవిత సభ్యత్వం అంటే ఒకసారి కట్టి జన్మంతా సేవ పొందడం. ఒక్కొక్కరు 2,000 రూపాయల చొప్పున 300 మంది కట్టారనుకోండి, 6 లక్షలు. అది డిపాజిట్‌లో ఉండి 6.5 శాతం వడ్డీ వస్తే ఏడాదికి 39,000. అంటే ఒక్కో జీవిత సభ్యుడి తరఫున ఏటా 130 రూపాయలు. ఆ డబ్బుతోనే నోటీసులు, హాలు అద్దె, ఆడిటర్ ఫీజు, ఇంజనీర్స్ డే భోజనం. చాలదు. అందుకే ఒక్కో కార్యవర్గం తన ఏడాది గట్టెక్కడానికి కొత్త జీవిత సభ్యులను చేర్చుకుని, ఆ వచ్చిన మూలధనాన్నే ఖర్చు పెడుతుంది. వచ్చే ఏడాది వాళ్లకు సేవ చేయాలి, డబ్బు మాత్రం ఉండదు. కొత్త అధ్యక్షుడు మొదటి నెలలోనే వేయాల్సిన లెక్క ఇది: పట్టీలో జీవిత సభ్యులు ఎంతమంది, వాళ్లు కట్టింది మొత్తం ఎంత, డిపాజిట్‌లో ఉన్నది ఎంత. తేడా ఎంతుంటే అంత ముందువాళ్లు తినేసిన విత్తనమన్నమాట. ఎవరినీ నిందించకుండా, ఆ అంకెను సర్వసభ్య సమావేశంలో చెప్పండి. చెప్పకపోతే రెండేళ్ల తర్వాత అది మీ ఖాతాలో పడుతుంది.

పన్ను విషయంలో 'మనది లాభం కోసం నడిపే సంస్థ కాదు కదా' అనే మాట సగమే నిజం. మన డబ్బు మనమే వేసుకుని మన కోసమే ఖర్చు పెట్టుకుంటే అందులో ఆదాయం లేదన్న సూత్రాన్ని మ్యూచువాలిటీ అంటారు. అయితే 2013లో బెంగళూరు క్లబ్ కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది: బ్యాంకులో వేసిన డిపాజిట్ మీద వచ్చే వడ్డీకి ఈ సూత్రం వర్తించదు, ఆ బ్యాంకు క్లబ్బులో సభ్యురాలైనా సరే. డబ్బు బయటికెళ్లి వ్యాపారంలో తిరిగి వచ్చింది కాబట్టి. జీఎస్టీ ఇంకా చిక్కుముడి. 2019లో కలకత్తా క్లబ్ కేసులో క్లబ్బు, సభ్యులు వేరు కారని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు జీఎస్టీకి ముందున్న పాత పన్నులది. 2021లో పార్లమెంటు జీఎస్టీ చట్టాన్ని సవరించి, సంఘం వేరు, సభ్యుడు వేరు అని, అదీ 2017 జూలై 1 నుంచే అని రాసింది. 2025లో కేరళ హైకోర్టు ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వేసిన కేసులోనే ఆ సవరణను కొట్టేసింది. ఏడాదికి సేవల రాబడి 20 లక్షలు దాటని చిన్న జిల్లా సంఘానికి ఈ గొడవ మామూలుగా తగలదు. రాష్ట్ర మహాసభ జరిపిన ఏడాది, స్పాన్సర్ల డబ్బు, స్టాళ్ల అద్దెలు కలిసి ఆ గీత దాటేస్తారు. మహాసభ ఒప్పుకునే ముందే ఆడిటర్‌తో కూర్చోండి, తర్వాత కూర్చుంటే వినాల్సింది లెక్కలు కాదు, నోటీసు.

రిజిస్ట్రార్ ఆఫీసులో దాఖలు చేయాల్సింది కూడా ఒక పట్టీయే. సర్వసభ్య సమావేశం అయిన 15 రోజుల్లోగా కార్యవర్గం జాబితాను 2001 చట్టం 9వ సెక్షన్ ప్రకారం ఇవ్వాలి. చాలా సంఘాలు ఏళ్ల తరబడి ఇవ్వవు. అలాంటప్పుడు ప్రభుత్వ రికార్డులో మీ సంఘానికి అధ్యక్షుడు ఎప్పుడో పోయినాయనే. ఈ దాఖలు మీ ఎన్నిక చెల్లుతుందని ఇచ్చే కితాబు మాత్రం కాదు. పోటీ కార్యవర్గం మరో జాబితా పట్టుకెళ్తే, ఎవరిది సరైనదో తేల్చే చోటు అది కాదు. సభ్యుల మధ్య తగువు వస్తే 23వ సెక్షన్ ప్రకారం మధ్యవర్తిత్వానికి పోవచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయవచ్చు. అక్కడ మొదట అడిగేది ఓటర్ల జాబితా. మళ్లీ అదే పుస్తకం.

సభ్యుల నుంచి మీకు వచ్చే కోరికల్లో రెంటి గురించి తప్పక చెప్పాలి.

మొదటిది రేట్లు. 'చదరపు అడుగుకు ప్లాను ఫీజు ఇంతకంటే తగ్గించకూడదని సంఘం తీర్మానం చేయాలి, తగ్గించినవాళ్లను బహిష్కరించాలి.' అడిగేవాళ్ల కడుపు మంట నాకు తెలుసు. కొత్తగా డిగ్రీ చేత పట్టుకుని వచ్చిన పిల్లలు సగం రేటుకు సంతకాలు పెడుతుంటే, ముప్పై ఏళ్లుగా గోడ గోడా తిరిగి చూసినవాళ్లకు బాధగానే ఉంటుంది. అయినా ఆ తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాయకండి. 2002 కాంపిటీషన్ చట్టం 3వ సెక్షన్, ఒకే రకం పని చేసేవాళ్ల సంఘం ధర నిర్ణయించడాన్ని, సరఫరాను అడ్డుకోవడాన్ని పోటీకి హానిగా చూస్తుంది. 2009 మే 20 నుంచి ఇది అమల్లో ఉంది. మందుల వ్యాపారుల సంఘాలు తమ అనుమతి పత్రం లేకుండా కంపెనీలు కొత్త స్టాకిస్టులను పెట్టకూడదన్నందుకు కాంపిటీషన్ కమిషన్ వాళ్ల మీద జరిమానాలు వేసింది. బాధ్యులైన పదవీధారుల మీద కూడా చర్య తీసుకునే వీలుంది. ఇక్కడ అధ్యక్షుడు చేయగలిగిన మంచి పని వేరే ఉంది: మంచి డ్రాయింగులో ఏమేమి ఉండాలి, సైటుకు ఎన్నిసార్లు వెళ్లాలి, మట్టి పరీక్ష ఎందుకు అవసరం అన్నది ఇల్లు కట్టుకునేవాళ్లకు తెలుగులో ఒక పేజీ రాసి పంచడం. పని నాణ్యత గురించి సంఘం ఎంతైనా మాట్లాడవచ్చు.

రెండోది దర్శనం. తిరుపతిలో సంఘం అధ్యక్షుడంటే రాష్ట్రంలో ప్రతి జిల్లా సంఘం పెద్దకూ మీరు బంధువే. శ్రీకాకుళం నుంచి ఫోన్ వస్తుంది, 'అన్నా, ఐదుగురం వస్తున్నాం, రూమూ దర్శనమూ చూడు.' బ్రహ్మోత్సవాల ముందు, వైకుంఠ ఏకాదశి ముందు రోజుకు పది. కాదంటే మనసు కష్టపెట్టుకుంటారు, అవునంటే మీ పని ఇదే అయిపోతుంది. నేను మొదటి నెలలోనే కార్యవర్గం తీర్మానంతో అన్ని జిల్లాలకూ ఒక ఉత్తరం రాయించాను: సంఘం సిఫారసు లేఖలు ఇవ్వదు, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు టీటీడీ నెలనెలా ఆన్‌లైన్‌లో విడుదల చేస్తుంది, అందులో ముందుగా తీసుకోండి, ఊళ్లో దిగాక ఏ సాయం కావాలన్నా ఈ నంబరుకు చేయండి అని. ఊరి మర్యాద పోకుండా చెప్పడానికి ఆ చివరి వాక్యం కోసం చాలాసేపు కూర్చున్నాం. ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారు. మిగతావాళ్లు అర్థం చేసుకున్నారు.

సమావేశాలకు రానివాళ్ల గురించి ఒక మాట. మా కార్యవర్గం రాత్రి ఎనిమిదిన్నరకు హోటల్లో కూడేది. మహిళా సభ్యులకు ఆసక్తి లేదనుకున్నాం. పట్టీ పట్టుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తుంటే పలమనేరు నుంచి ఒకామె చెప్పారు: "సార్, నేను బస్సు దిగి ఇంటికి పోయేసరికి పన్నెండవుతుంది. పొద్దున పదకొండుకు పెట్టండి, నేనెందుకు రాను?" అంతే. సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్‌కు 2024లో కార్యవర్గంలో కనీసం మూడో వంతు మహిళలకు కేటాయించాలని కోర్టు చెప్పాల్సి వచ్చింది. మనం సమావేశం వేళ మార్చడంతో మొదలుపెట్టవచ్చు.

ఆ ఫోన్ల పని కార్యదర్శి, నేను, గుమ్మంలో నిలబెట్టిన ఆ పెద్దాయన పంచుకున్నాం. రోజుకు పదిహేను పేర్లు. కొన్ని నంబర్లు ల్యాండ్‌లైన్లు, ఎప్పుడో తీసేసినవి. కొన్నిటికి పిల్లలు ఎత్తారు. పుత్తూరులో ఒకబ్బాయి, "నాన్న పోయి ఆరేళ్లయింది సార్, మీ సంఘం వాళ్లు ఎవరూ రాలేదు," అన్నాడు. కోపంగా అనలేదు. మాకు తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. ఆయన పేరు ఎదురుగా పుస్తకంలో 'జీవిత సభ్యుడు' అని చక్కటి చేతిరాతతో రాసి ఉంది.

ఆ ఏటి సర్వసభ్య సమావేశం ఆదివారం పొద్దున పదకొండుకు పెట్టాం. ఎజెండాలో మొదటి అంశంగా, పట్టీలోంచి తీస్తున్న కీర్తిశేషుల పేర్లు ఒక్కొక్కటే చదివాం. అన్నీ చదవడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. పుత్తూరు అబ్బాయి వాళ్లమ్మను తీసుకుని వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. మౌనం పాటించి కూర్చున్నాక కార్యదర్శి హాజరు పుస్తకం తీసి లెక్కపెట్టారు, మళ్లీ ఒకసారి లెక్కపెట్టారు. వాయిదా అక్కర్లేదన్నారు. మినిట్స్ పుస్తకంలో 'కోరం సరిపోయినందున సమావేశం ప్రారంభమైనది' అని రాసి, టైము వేసి, సంతకానికి నా వైపు జరిపారు.